రేత్రొచ్చినోళ్ళు, తెల్లారొచ్చినోళ్ళు (పల్లె చరిత్ర – 9)

గవర్నర్‌పేటకి ఒక పక్క ఏలూరు రోడ్డు, ఇంకో పక్క బందరు రోడ్డు. కాగితాల మీద ఏలూరు రోడ్డు పేరు కారల్ మార్క్స్ రోడ్డు. బందరు రోడ్డు పేరు మహాత్మాగాంధీ రోడ్డు. ఆటో ఎక్కేటప్పుడు ఈ రెండు పేర్లూ ఎవరూ వాడరు. బెజవాడ జనం తాము పెట్టుకున్న పేర్లతోనే తిరుగుతారు. ఈ భాగంలో చెప్పబోయేది కూడా అలాంటి పేర్ల గురించే. తుపాకీ పట్టుకున్న వాళ్ళని తుపాకీ లేని వాళ్ళు ఏమని పిలిచారు, ఎందుకలా పిలిచారు అనే సంగతి.

మొన్న ఒక ఆదివారం ఇద్దరు విద్యార్థులతో కలిసి ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులు తిరిగాను. తర్వాత టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. ఒకడి చేతిలో తెలంగాణ సాయుధ పోరాటం మీద పుస్తకం. రెండోవాడు ఫోనులో వార్తలు చదువుతున్నాడు. 2025 మే 21న ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు, నవంబరు 18న మన మారేడుమిల్లి అడవుల్లో మాడ్వి హిడ్మా చనిపోయారు. అప్పటి నుంచి విద్యార్థుల మధ్య ఈ చర్చ ఆగడం లేదు. ఒకడు వీరులంటాడు, ఇంకొకడు హంతకులంటాడు. చేతిలో పుస్తకం ఉన్నవాడు నన్ను నిలదీశాడు. "సార్, ఒక్క ముక్కలో చెప్పండి. జనం వాళ్ళ వైపు ఉన్నారా, లేరా?"

ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. అందుకే ఇంత రాస్తున్నాను.

మా నాయనమ్మది పామర్రు వైపు పల్లె. మా డెల్టాలో పల్లె అంటే ఊరు కాదని మనవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. కాలవకి అవతల ఊరు, ఇవతల మాలపల్లె. 1949లో ఆమెకి పది పన్నెండేళ్ళు ఉంటాయి. కమ్యూనిస్టు అనే మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. "సంగపోళ్ళు" అనేది. పోలీసుల్ని మాత్రం పోలీసులు అనేది కాదు, "మలబారోళ్ళు" అనేది. పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఆమె పక్కన కూర్చుని అడిగితే ఆ కాలం గురించి ఇలా చెప్పింది.

"రేత్రి సంగపోళ్ళు ఒచ్చేవోళ్ళు. అమ్మా, అన్నం ఉందా అనేవోళ్ళు. తెల్లారగట్ట మలబారోళ్ళు ఒచ్చేవోళ్ళు. రేత్రి ఎంతమందికి పెట్టారే అనేవోళ్ళు. మాకున్నది ఒకటే కుండ. ఆళ్ళు ఖాళీ చేసేవోళ్ళు, ఈళ్ళు పగలగొట్టేవోళ్ళు."

నేను చదువుకున్నవాణ్ణి కదా, చదువుకున్న ప్రశ్నే వేశాను. "ఇంతకీ సంగపోళ్ళు మంచోళ్ళా, చెడ్డోళ్ళా?"

"ఆకలితో ఒచ్చినోణ్ణి మంచోడా చెడ్డోడా అని అడుగుతార్రా నాన్నా?" అంది. కాసేపాగి తనే మళ్ళీ చెప్పింది. "ఒకాయన మాత్రం తిన్న కంచం ఆయనే కడిగి బోర్లించి ఎళ్ళేవోడు. ఊళ్ళో కామందుగారి కొడుకంట. మా అమ్మ సచ్చిపోయేదాకా ఆ మాట సెప్పుకునేది."

"తర్వాత ఆయన ఏమయ్యాడు?"

"ఏమవుతాడు? కేసులు తీసేశాక ఇంటికొచ్చాడు. ఆళ్ళ అరుగు మీద కూకునేవోడు. మేం కింద నించునేవోళ్ళం. ఏవే, బాగున్నారా అనేవోడు."

మంచి అనలేదు, చెడు అనలేదు. మూడు సంగతులు చెప్పింది. ఎవరు తిన్నారు, ఎవరు దెబ్బలు తిన్నారు, అంతా అయిపోయాక ఎవరు ఎక్కడ కూర్చున్నారు. నేను ఎన్నో పుస్తకాలు చదివాను గానీ, సాయుధుల్ని మామూలు జనం ఎలా చూస్తారో అర్థం చేసుకోడానికి ఈ మూడు ప్రశ్నలకు మించినవి నాకు దొరకలేదు. వీటితోనే మన చరిత్రను ఒకసారి చూద్దాం.

ముందు 1946. నిజాం రాజ్యంలో దొరల వెట్టి మీద సంఘం లేచింది. ఆ ఏడు జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకి నేలకొరిగాడు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. అటు ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు. పరకాల, గుండ్రాంపల్లి, బైరాన్‌పల్లి పేర్లు చెబితే ఇప్పటికీ పెద్దవాళ్ళు మాట ఆపేస్తారు.

ఇది తెలంగాణ కథ అనుకుంటాం గానీ బెజవాడ అప్పుడు దానికి వెనకిల్లు. ఆంధ్ర కమ్యూనిస్టు పార్టీ కేంద్రం ఇక్కడే. స్టేట్ కాంగ్రెస్ సరిహద్దు శిబిరాలూ ఈ వైపునే. ఊళ్ళు వదిలేసి మూటలతో వచ్చిన జనం దిగిందీ ఇక్కడే. మునగాల పరగణా అయితే చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో కృష్ణా జిల్లా ముక్క. ఒక పొలం గట్టు దాటితే ఒక ప్రభుత్వం, ఇంకో గట్టు దాటితే ఇంకో ప్రభుత్వం. గట్టు మీద నడిచే కూలివాడికి రెండిటితోనూ పని.

రజాకార్లని జనం ఎలా చూశారు? భయంతో, అసహ్యంతో. ఇది నిజం. కానీ ఇక్కడ మనవాళ్ళ చరిత్రలో మనం దాటేసే పేజీ ఒకటుంది. హైదరాబాదు దళిత నాయకులు అందరూ ఒక వైపు నిలబడలేదు. బి.ఎస్. వెంకటరావు లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యాశాఖ చూశాడు. బి. శ్యాంసుందర్ 1948లో నిజాం తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన బృందంలో ఉన్నాడు. నిజాం ప్రభుత్వం అణగారిన కులాల కోసం కోటి రూపాయల నిధి పెట్టింది. ఊరి దొర హిందువే, పటేలు హిందువే, వెట్టి చేయించేవాడూ హిందువే అయినప్పుడు, వాళ్ళకి ఎదురు నిలబడే ముస్లిం పాలకుడు కొందరికి ఆసరాగా కనిపించాడు. రజాకార్లలో చేరిన దళితులూ ఉన్నారు. అంబేడ్కర్ దీన్ని ఒప్పుకోలేదు. హైదరాబాదు షెడ్యూల్డు కులాలు నిజాం పక్షం చేరి జాతికి చెడ్డపేరు తేవద్దని 1947 నవంబరులోనే ప్రకటన ఇచ్చాడు.

ఎవరు ఒప్పు అని తేల్చడం కోసం ఇది చెప్పడం లేదు. ఇంత పెద్ద తగాదా మన జాతి లోపలే నడిచింది. అలాంటప్పుడు "జనం అందరూ రజాకార్లకి వ్యతిరేకం" అని గానీ, "జనం అందరూ సంఘం వైపు" అని గానీ ఒక్క ముక్కలో రాసేసే చరిత్రలో మనం ఎక్కడున్నట్టు? ఊరి దొర ఎవరి పక్కన నిలబడ్డాడో చూసి, దానికి ఎదురుగా ఉన్న తలుపు తట్టిన మనుషులు వాళ్ళు. జెండా రంగు తర్వాత సంగతి.

1948 సెప్టెంబరు 13న సైన్యం బయల్దేరింది. 17కి నిజాం లొంగిపోయాడు. రజాకార్లు పోయారు. మరి ఆ పేరు? అది మిగిలిపోయింది. ఆ తర్వాత నెలల్లో రజాకార్ అనే ముద్ర తుపాకీ ముట్టని ముస్లిం దర్జీ మీద, బండివాడి మీద కూడా పడింది. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదికను చాలా దశాబ్దాలు బయటపెట్టలేదు. సాయుధుడు చేసిన పనికి వాడి కులంవాడో మతంవాడో సొమ్ము కట్టడం అంటే ఇదే. ఏ కొట్లాటలో అయినా ఇది జరుగుతుంది. పల్లెకి ఇది మరీ బాగా తెలుసు.

రజాకార్లు పోయినా తుపాకీలు ఆగలేదు. భూమి దున్నుకున్న వాళ్ళు దాన్ని వదలబోమన్నారు. దొరలు గాంధీ టోపీలు పెట్టుకుని తిరిగొచ్చారు. సైన్యం వాళ్ళ వెనక నిలబడింది. మా కృష్ణా డెల్టాలోకి మలబార్ స్పెషల్ పోలీసు దిగింది. 1921లో మలబారులో మాప్పిళ్ళ తిరుగుబాటు అణచడానికి తెల్లవాళ్ళు పుట్టించిన దళం అది. తెల్లవాళ్ళు పోయినా దళం మిగిలింది. భాష రాని పోలీసు చేతిలో దెబ్బలు తినడం వేరే రకం నరకం. బతిమాలుకోడానికి మాట కూడా పనికిరాదు. మా నాయనమ్మ "పోలీసోళ్ళు" అనకుండా "మలబారోళ్ళు" అని ఎందుకనేదో నాకు చాలా కాలానికి అర్థమైంది. పోలీసుని బాబూ అని కాళ్ళు పట్టుకోవచ్చు. వీళ్ళతో ఆ వీలు కూడా లేదు.

1949లో కాటూరు, ఎలమర్రు గ్రామాల్లో మగవాళ్ళ బట్టలు విప్పించి, కొడుతూ గాంధీ విగ్రహం దగ్గరికి నడిపించారు. స్వతంత్రం వచ్చి రెండేళ్ళు కూడా నిండలేదు. పుచ్చలపల్లి సుందరయ్య పోరాటం మీద రాసిన పెద్ద పుస్తకంలో ఆనాటి డెల్టా నిర్బంధం వివరంగా ఉంది. అక్కడ దెబ్బలు తిన్నవాళ్ళు మాలపల్లె వాళ్ళే కాదు, ఊరివాళ్ళు కూడా. ఈ సంగతి దాచి మన బాధే బాధ అని రాస్తే అబద్ధమవుతుంది.

కానీ తేడా ఉంది. సెలిగ్ హారిసన్ అనే అమెరికా పత్రికా రచయిత 1956లో ఆంధ్ర కమ్యూనిస్టుల గురించి, కులం గురించి ఒక వ్యాసం రాశాడు. డెల్టాలో పార్టీ నాయకత్వం ఎక్కువగా భూమి ఉన్న కమ్మ కుటుంబాల నుంచి వచ్చిందని అతని వాదన. కులంతోనే అన్నీ తేల్చేశాడని అతన్ని విమర్శించిన వాళ్ళున్నారు. ఆ విమర్శలో న్యాయం ఉంది. కూలి రేట్ల కోసం, పాలేరు బతుకు కోసం డెల్టాలో మొదట సంఘం పెట్టింది కమ్యూనిస్టులే. సుందరయ్య లాంటి వాళ్ళు మాలపల్లెలో కూర్చుని తిన్న రోజుల్లో, మిగతా పార్టీల వాళ్ళు చాలామంది మాలపల్లె పొలిమేర తొక్కలేదు. పల్లె సంఘం వైపు నిలబడడానికి కారణం మార్క్స్ కాదు, పెరిగిన కూలి, కడిగి బోర్లించిన కంచం.

అయితే 1948లో ఆంధ్ర కమిటీ తన థీసిస్ రాసుకున్నప్పుడు, ధనిక రైతుతో కూడా కొన్నిచోట్ల కలిసి నడవొచ్చన్నది అందులో ఒక లెక్క. ఆ ధనిక రైతు మా డెల్టాలో ఎవరు? మా తాతలు పాలేర్లుగా ఉన్న కామందే. ఒకే సంఘంలో కామందు కొడుకూ ఉన్నాడు, ఆ కామందు పాలేరూ ఉన్నాడు. తుపాకీ ఉన్నంత కాలం ఇద్దరూ కామ్రేడ్లే. 1951 అక్టోబరు 21న పోరాటం విరమించారు. 1952 ఎన్నికల్లో ఆంధ్ర జిల్లాల్లో కమ్యూనిస్టులు 41 స్థానాలు గెలిచారు. 1955లో అవి 15కి పడిపోయాయి. ఈ అంకెలు పుస్తకాల్లో ఉంటాయి. ఎవరు అరుగెక్కారు, ఎవరు కిందే నిలబడ్డారు అనే అంకె మాత్రం మా నాయనమ్మ దగ్గరే ఉంది.

సుందరయ్య లెక్కలో ఆ పోరాటం 3,000 గ్రామాల్లో నడిచింది, 10 లక్షల ఎకరాలు పంచింది, 4,000 మంది ప్రాణాలిచ్చారు. ఇవి చిన్న సంగతులు కావు. వెట్టి పోవడం చిన్న సంగతి కాదు. చాకలి ఐలమ్మ తన పంట తనే ఇంటికి తెచ్చుకోవడం చిన్న సంగతి కాదు. కానీ కుండలో అన్నం లెక్క ఎవరు రాశారు? 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చేదాకా ఆడవాళ్ళని అడిగిన వాళ్ళే లేరు. వండిపెట్టారు, చీటీలు మోశారు, తుపాకీలు దాచారు, దళాల్లో తిరిగారు. అంతా అయిపోయాక ఇంటికి వెళ్ళి సంసారం చేసుకోండి అన్నారు. ఆ పుస్తకంలో వాళ్ళెవరూ పోరాటాన్ని తిట్టరు. అవి తమ బతుకులో గొప్ప రోజులంటారు. మోసపోయామని కూడా అంటారు. రెండూ ఒకే నోటితో చెబుతారు. చదివేవాళ్ళం మనం, ఒకటి ఏరుకుని రెండోది వదిలేస్తాం.

ఇప్పుడు రెండో మాట దగ్గరికొద్దాం: "అన్నలు".

1980 ఏప్రిల్ 22న పీపుల్స్‌వార్ పుట్టింది. దాన్ని నిలబెట్టిన వాళ్ళలో ఇద్దరు మా గుడివాడ వైపు వాళ్ళే. కొండపల్లి సీతారామయ్య, కె.జి. సత్యమూర్తి. ఒకరు ఊరి నుంచి వచ్చారు, ఇంకొకరు పల్లె నుంచి. ఇద్దరూ వరంగల్లులో పంతుళ్ళుగా పనిచేసిన వాళ్ళు. వాళ్ళ పార్టీ మనుషుల్ని తెలంగాణ పల్లెలు మావోయిస్టులనో, విప్లవకారులనో పిలవలేదు. అన్నలు అన్నాయి. గోదావరి దాటి బస్తరు వెళ్తే అక్కడ "దాదాలు" అన్నారు. దాని అర్థమూ అదే.

ఈ పిలుపుని చాలామంది ప్రేమకి రుజువుగా రాశారు. ప్రేమ ఉంది, కాదనను. దొర ముందు చెప్పులు చేత్తో పట్టుకున్న మనిషికి, పక్కన కూర్చుని అన్నం తిన్న తుపాకీ మనిషి అన్నే. కానీ తెలుగు చదువుకున్న వాడిగా నాకు ఇంకోటి కూడా కనిపిస్తుంది. మనం ఎవర్ని అన్నా అంటాం? బస్సు కండక్టర్ని, కానిస్టేబుల్ని, అప్పిచ్చినవాణ్ణి. చేతిలో మన పని ఉన్నవాడితో వరస కలుపుతాం. అన్నా అని పిలిస్తే అవతలివాడి మీద ఒక బాధ్యత పడుతుంది. అన్న తమ్ముణ్ణి కొట్టకూడదు. తుపాకీ లేని మనిషి చేతిలో ఉన్నది ఈ వరస ఒక్కటే. అడవిలో అన్నా అన్న నోటితోనే స్టేషన్లో సారూ అనేవాడు. దాన్ని రెండు నాలుకలనడం అన్యాయం. ఇద్దరు సాయుధుల మధ్య ఒక్క ప్రాణంతో బతకాల్సిన వాడు ఇంకెలా మాట్లాడతాడు?

ఇన్ఫార్మర్ అని ఒకరు చంపుతారు. అన్నం పెట్టావని ఇంకొకరు చంపుతారు. ఆ ఇద్దరూ జనం పేరే చెబుతారు. ఈ మాట పైకి అన్నవాళ్ళు మన దగ్గర తక్కువే గానీ ఉన్నారు. ఎస్.ఆర్. శంకరన్ గారు 1997లో కొందరు పెద్దలతో కలిసి పౌర స్పందన వేదిక పెట్టారు. ఊళ్ళు తిరిగి, పోలీసుల చేతిలో పోయినవాళ్ళ ఇళ్ళకీ, నక్సలైట్ల చేతిలో పోయినవాళ్ళ ఇళ్ళకీ వెళ్ళారు. ఇద్దర్నీ నిలదీశారు. 2004 అక్టోబరు చర్చల దాకా దారి వేసింది ఆ పనే. పౌరహక్కుల సంఘంలో ఏళ్ళ తరబడి ఎన్‌కౌంటర్లు బయటపెట్టిన బాలగోపాల్ గారు, పార్టీ చేసే హింసను కూడా ప్రశ్నించాలి కదా అనే చోట తేడా వచ్చి 1998లో మానవ హక్కుల వేదికలోకి వచ్చారు. వాళ్ళని ప్రభుత్వం నక్సలైట్ల మనుషులంది. నక్సలైట్ల అభిమానులు కొందరు మెత్తబడ్డారన్నారు. మధ్యలో నిలబడి మామూలు మనిషి మాట వినేవాడికి రెండు వైపులా దెబ్బలే.

మన దేశంలోనే ఇలా అనుకోకండి. పెరూలో షైనింగ్ పాత్ పార్టీ నాయకుడు అబిమాయెల్ గుజ్మన్ నాలాంటి లెక్చరరే. కొండల్లో ఉన్న అయకూచో విశ్వవిద్యాలయంలో ఫిలాసఫీ చెప్పేవాడు. 1980లో మొదలైన ఆ యుద్ధం మీద వేసిన సత్య కమిషన్ 2003లో నివేదిక ఇచ్చింది. సుమారు 69,000 మంది చనిపోయారని అంచనా. ప్రతి నలుగురిలో ముగ్గురు కెచువా వంటి ఆదివాసీ భాషలు మాట్లాడేవాళ్ళు. యుద్ధం ఎవరి పేరున జరిగిందో, ఎక్కువగా చచ్చింది వాళ్ళే. దేశ జనాభాలో వాళ్ళ వాటా అంత లేదు. అక్కడ కమిషన్ ఉంది కాబట్టి లెక్కైనా తేలింది. ఇక్కడ ఆ లెక్క రాసే కమిషనేదీ?

ఇంక మనల్ని తిన్నగా గుచ్చే సంగతి. కారంచేడు.

1985 జూలై 17. ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినవాళ్ళు చీరాలలో శిబిరం వేసుకున్నారు. అక్కడి నుంచే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం పేర్లు రాష్ట్రమంతా వినబడ్డాయి. కేసు సాగుతుండగానే 1989లో పీపుల్స్‌వార్ దళం దగ్గుబాటి చెంచురామయ్యను చంపింది. కారంచేడు నిందితుల్లో ముందు వినిపించిన పేరు ఆయనదే. అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుకి వియ్యంకుడు.

ఆ వార్త పల్లెలకి చేరినప్పుడు ఏమైంది? నేను అప్పటికి పసివాణ్ణి. మా నాన్న తరం వాళ్ళని ఎంతోమందిని అడిగాను. ఏడవలేదు అన్నారు. అందరూ ముందు చెప్పే మాట అదే. కోర్టులు చేయనిది ఎవరో చేశారు అనిపించిందన్నారు. అది దాచాల్సిన సంగతి కాదు. నాలుగేళ్ళు న్యాయం కోసం ఎదురుచూసిన మనిషి గుండెలో ఏముంటుందో అదే ఉంది. తర్వాత అదే మనుషులు గొంతు తగ్గించి రెండో మాట చెబుతారు. ఆ రాత్రి నుంచి మళ్ళీ భయం వేసింది. చంపినవాళ్ళు అడవికి పోయారు, మేం ఇక్కడే ఉన్నాం. ఎవడు పగ తీర్చుకోవాలన్నా మా ఇల్లే దగ్గర. ఒక పెద్దాయన ఇంకోటి కూడా అన్నాడు. "ఆ రోజు దాకా కారంచేడు కేసు మాది. మర్నాటి నుంచి పోలీసులకీ నక్సలైట్లకీ మధ్య కేసు."

ఈ మాట నన్ను వదలలేదు. మన కోసం పేలిన తుపాకీ కూడా మన నోట్లో మాట తీసేసుకోగలదు. కారంచేడు కేసు 2008లో సుప్రీంకోర్టులో తేలింది. ఒకరికి యావజ్జీవం, చాలామందికి మూడేళ్ళు. ఇరవై మూడేళ్ళు పట్టింది.

కోర్టుని నమ్ముకున్న పల్లె ఏమైంది అని మీరడుగుతారు. అడగాలి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. వాళ్ళు శవాల్ని ఊరి నడుమ పూడ్చి దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. మా ఊళ్ళోనే కోర్టు పెట్టండి అని పట్టుబట్టి సాధించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తుపాకీ మన మాట తీసుకుపోయింది. కోర్టు మన మాట విని పక్కన పెట్టింది. ఈ రెండిటి మధ్య నిలబడ్డ మనిషిని పట్టుకుని నువ్వు ఎటువైపు అని అడుగుతున్నాం మనం.

సత్యమూర్తి ఈ చిక్కుని లోపలి నుంచి చూశాడు. పార్టీకి నాయకత్వం వహించిన మనిషి, కులం ప్రశ్న వేసి బయటికి రావలసి వచ్చింది. అరుగు మీద ఎవరు, కింద ఎవరు అన్నదే ఆయన అడిగింది. మా నాయనమ్మ అడిగిందీ అదే. శివసాగర్‌గా ఆయన రాసిన కవిత్వాన్ని క్లాసులో మెచ్చుకునే వాళ్ళం, ఆయన ప్రశ్నని మాత్రం గేటు బయట వదిలేస్తాం. చివరి రోజుల్లో ఆయన మన కృష్ణా జిల్లా కందులపాడులోనే ఉన్నాడు. 2012 ఏప్రిల్ 17న అక్కడే పోయాడు.

ఆ ఆదివారం సాయంత్రం టీ తాగాక ముగ్గురం బందరు రోడ్డు వైపు నడిచాం. స్వరాజ్ మైదానంలో 2024 జనవరిలో నిలబెట్టిన అంబేడ్కర్ విగ్రహం ఉంది. మనిషి ఎత్తే 125 అడుగులు. విద్యార్థులు ఫోటోలు తీసుకున్నారు. నాకు 1949 గుర్తొచ్చింది. మా నాయనమ్మ వాళ్ళ కుండ పగిలిన ఏడాది. కాటూరు, ఎలమర్రు ఏడాది. అదే ఏడాది నవంబరు 25న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో చివరి పెద్ద ప్రసంగం చేశాడు. రక్తపాతం దారి వదిలేయాలన్నాడు. ఈ ముక్కని ప్రభుత్వాలు బాగా గుర్తుపెట్టుకున్నాయి. ఓటులో సమానత్వం ఇచ్చి బతుకులో అసమానత్వం ఉంచితే, దాన్ని భరించేవాళ్ళే ఈ కట్టడాన్ని పేల్చేస్తారని కూడా అదే ప్రసంగంలో అన్నాడు. ఈ ముక్కని మన విప్లవ మిత్రులు బాగా గుర్తుపెట్టుకున్నారు. రెండూ ఒకే మనిషి ఒకే రోజు అన్నాడని గుర్తుపెట్టుకోవాల్సింది మనం.

విద్యార్థికి నేను చెప్పిన జవాబు ఇది. జనం ఎటువైపు అని అడగకు. ఆ ప్రశ్న తుపాకీ ఉన్నవాళ్ళది. పోలీసు అడుగుతాడు, దళం అడుగుతుంది, పార్టీ అడుగుతుంది. నువ్వు వేరే ప్రశ్నలు అడుగు. ఎవరి కుండలో అన్నం తిన్నారు? తెల్లారి దెబ్బలు ఎవరికి తగిలాయి? అంతా అయ్యాక అరుగు మీద ఎవరు కూర్చున్నారు? వీరుడు అనేవాణ్ణీ అడుగు, హంతకుడు అనేవాణ్ణీ అడుగు. ఈ మూడిటికీ జవాబు చెప్పలేనివాడు జనం పేరు ఎత్తకూడదు.

వాడు ఒప్పుకోలేదు. "అయితే మీరు ఏ వైపూ కాదా సార్?" అన్నాడు. వాడి వయసులో నేనూ అదే అడిగేవాణ్ణి. కుండ వైపు అన్నాను. నవ్వాడు గానీ, వాళ్ళ అమ్మమ్మది మైలవరం పక్క పల్లె అని, ఈసారి వెళ్ళినప్పుడు అడుగుతానని అన్నాడు.

మీరూ అడగండి. 1949ని కళ్ళతో చూసినవాళ్ళు ఇంక కొద్దిమందే మిగిలారు. 1985ని చూసినవాళ్ళు ఉన్నారు. పెద్ద ప్రశ్నలు వద్దు, వాళ్ళు ఎవర్ని ఏమని పిలిచారో ఆ మాటలు రాసుకోండి. సంగపోళ్ళు, మలబారోళ్ళు, అన్నలు. ఏ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించారో అది కూడా రాసుకోండి. మన చరిత్ర చాలామటుకు ఆ తగ్గించిన గొంతులోనే ఉంది.

వచ్చే భాగంలో కారంచేడు తర్వాత చీరాల శిబిరంలో ఆడవాళ్ళ గురించి రాస్తాను.

జై భీమ్.